యాభైమందికి రెండు వరహాలు

మహానంది కోనేటి నీళ్ళు ఎంత తేటగా ఉంటాయో చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. అడుగున పడిన రూపాయి బిళ్ళ బొమ్మా బొరుసా అన్నది గట్టు మీది నుంచే కనబడుతుంది. ఆ గట్టున కూర్చుని ఒకాయన నన్నడిగిన ప్రశ్నకు మాత్రం అంత తేట జవాబు లేదు.

"మా జేజినాయన వాళ్ళ నాయన పేర ఈ కొండ కింద వజ్రాల గని ఉండెనంట సార్. ఆ కాగితం యే ఆపీసులో దొరుకుతాది?"

గాజులపల్లె వైపు అరటి రైతు. ఇంట్లో తరాలుగా చెప్పుకునే మాట తప్ప చేతిలో కాగితం ముక్క లేదు. నేను పాత రికార్డులు తిరగేస్తుంటానని ఎవరో చెప్పి పంపారు. అప్పటికేదో సర్ది చెప్పాను గానీ, ఇంటికొచ్చాక బల్ల మీద రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఒకటి ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే 1676లో పారిస్‌లో అచ్చు వేయించిన ప్రయాణాల పుస్తకం. నా దగ్గరున్నది వాలెంటైన్ బాల్ 1889లో తెచ్చిన ఇంగ్లీషు అనువాదం. రెండోది భూగర్భ సర్వే శాఖలో పనిచేసిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాతి వరసల మీద రాసిన గ్రంథం. మన వైపు పాత గనుల గురించి ఎవరు ఏం రాసినా ఈ రెండింట్లో ఒకదాన్ని పట్టుకోక తప్పదు. చాలామంది రెండింటినీ కలిపి కొట్టేస్తారు, రెండూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నట్టు. నా తగాదా అక్కడే.

1872 అనగానే మరో కాగితం గుర్తుకొస్తుంది. ఆ ఏడు మే 10న అమెరికా గనుల చట్టం వచ్చింది. ప్రభుత్వ భూమిలో ఖనిజపు సిర కనబడితే అమెరికా పౌరుడు గానీ, పౌరసత్వం కోరుకున్నవాడు గానీ, ఆ సిర పొడుగునా 1,500 అడుగుల దాకా, దానికి అటు 300, ఇటు 300 అడుగుల దాకా తనదని గుర్తులు పాతుకోవచ్చు. ఆ సంగతి ఒక నోటీసుగా రాసి కౌంటీ కచేరీలో నమోదు చేయిస్తారు. ఆ చట్టం ప్రకారం ఏటా 100 డాలర్ల పని చూపిస్తే హక్కు నిలిచేది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. అక్కడ ముత్తాత గని వెతుక్కునేవాడికి ఇన్నో పుస్తకం, ఇన్నో పుట అని దొరుకుతుంది. గని ఎక్కడుంది, ఎంత ఉంది, ఎవరిది, మూడూ ఒకే కాగితం మీద. మన రైతు అడిగిందీ అలాంటి కాగితాన్నే. అది మన దగ్గర ఎందుకు లేదో తావెర్నియే చెబుతాడు. తాను చెబుతున్నానని ఆయనకు తెలియదు, అంతే.

తావెర్నియే వచ్చింది కొనడానికి. రాయి ఎలా పుట్టిందన్నది ఆయనకు పట్టలేదు. ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోతుంది, మధ్యలో ఎవరికెంత ముట్టాలి అన్నదే ఆయన పట్టింపు. ఆయన రావుల్కొండ అని రాసిన గని గోల్కొండకు ఐదు రోజుల దారి, బీజాపూరుకు ఎనిమిది తొమ్మిది రోజుల దారి. అక్కడి రాళ్ళలో సందులుంటాయట, అర వేలు మందం నుంచి వేలు మందం దాకా. కొస వంచిన ఇనుప కడ్డీలతో ఆ సందుల్లో మట్టిని గీకి తీస్తారు, రెండు మూడు సార్లు కడుగుతారు, అందులో ఏరుతారు. సందు వంకర తిరిగిన చోట గడ్డపారతో బండను బద్దలు కొడతారు. ఆ దెబ్బకు వజ్రంలో బీటలు పడతాయని ఆయన బాధ. కూలీ నడుము గురించి కాదు, వజ్రం బీట గురించి. కొనేవాడి చూపు అదే కదా.

కానీ అదే చూపు వల్ల మనకు దక్కిన సంగతి ఒకటుంది. తవ్వించే వర్తకుడు యాభైమంది కూలీలను దింపితే రాజుకు రోజుకు 2 వరహాలు కట్టాలి. వందమందిని దింపితే 4 వరహాలు. కొన్న సరుకు మీద నూటికి 2 వంతున మరో సుంకం. ఇక ఆ మట్టిలో దిగి తవ్వే మనిషికి జీతం ఏడాదికి 3 వరహాలు. ఈ అంకెల్ని ఆయన ఒకచోట చేర్చి లెక్క వేయలేదు. మనం వేద్దాం. ఏడాది పొడుగునా తవ్వకం సాగిందనుకుంటే, ఒక్కో కూలీ తల మీద రాజుకు ముట్టేది 14 వరహాల పైచిలుకు. ఆ కూలీకి దక్కేది మూడు. వజ్రం దొరికినా దొరక్కపోయినా ఇదే లెక్క.

ఈ సుంకం లెక్కలో ఎక్కడా భూమి కొలత లేదని గమనించారా? వర్తకుడు సుమారు 200 అంగల చుట్టుకొలత గల చోటు తీసుకుంటాడని ఆయన రాశాడు గానీ, దాని కొలతకూ కట్టేదానికీ లంకె లేదు. సుంకం నేల మీద కాదు, తలల మీద. ఈ రోజు ఇక్కడ యాభైమంది, రేపు ఆ గుట్ట అవతల వందమంది. వర్తకుడు కొన్నది నేల కాదు, ఒక రోజుకు ఇంతమంది చేత తవ్వించే అనుమతి. అలాంటి హక్కుకు పుట్టే కాగితం ఏ పూటకా పూట లెక్క రాసుకునే చిట్టానే. లెక్క తీరిపోయాక దాన్ని దాచుకునేదెవరు? అమెరికా పుస్తకంలో గని ఒక స్థలం. రావుల్కొండలో గని ఒక దినకూలి. మన రైతు ముత్తాత పేర 'గని' ఉండేదంటే, ఆయన కొంతమందిని పెట్టుకుని తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నాడనే అర్థం ఎక్కువ చెల్లుతుంది.

తావెర్నియే పుస్తకంలో అందరూ ఎత్తి చెప్పే ఘట్టాలు వేరే ఉన్నాయి. గుడ్డ కింద చేతులు పట్టుకుని, నోరు విప్పకుండా బేరమాడటం. చెయ్యంతా పట్టుకుంటే వెయ్యి, ఒక్క వేలు పట్టుకుంటే వంద, సగం వేలైతే యాభై. చెట్టు కింద పదేళ్ళ నుంచి పదహారేళ్ళ లోపు వర్తకుల పిల్లలు సంచీ, తూనికరాళ్ళు పెట్టుకుని కూర్చుని వజ్రాలు కొనడం. కంటి కొలికిలో రాయి దాచిన కూలీ. ఇవన్నీ చదవడానికి బాగుంటాయి. పత్రికల వాళ్ళు వీటినే వాడుకుంటారు, నేనూ ఒకప్పుడు వాడుకున్నాను. హక్కు వెతికేవాడికి వీటితో పనిలేదు.

ఆయన్ను పూర్తిగా నమ్మాలా? అక్కర్లేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆయన అక్కడికి పోవడానికి దశాబ్దాల ముందే ఇంగ్లీషువాడు విలియం మెథ్‌వోల్డ్ చూసొచ్చిన గని కొల్లూరే అని చాలామంది అభిప్రాయం. ఆయన 30,000 అన్నాడు. గని పెరిగి ఉండవచ్చు, అంకె పెరిగి ఉండవచ్చు. ఈ గనుల దారి యూరపువాళ్ళకు తెరిచింది తానేనని తావెర్నియే చెప్పుకున్నది మాత్రం మెథ్‌వోల్డ్ ముందు నిలవదు. గుంపు లెక్కల్లో తావెర్నియే చెయ్యి జారుతుంది, డబ్బు లెక్కల్లో జారదు. వర్తకుడు ఎక్కడ అబద్ధమాడతాడో, ఎక్కడ ఆడలేడో తెలిసినవాళ్ళు ఆ తేడా పట్టుకోగలరు. సుంకం ఎంతో తప్పు రాస్తే తరువాత వచ్చే వర్తకుడు నష్టపోతాడు. జనం ఎంతమందో తప్పు రాస్తే ఎవరికీ పోయేదేం లేదు.

కింగ్ పుస్తకం తెరిస్తే మరో లోకంలోకి వచ్చినట్టుంటుంది. ఇందులో రాజు లేడు, వర్తకుడు లేడు. నేలను పొరలు పొరలుగా విప్పి చూపిస్తాడు. అడుగున కడప వరసలు, వాటి మీద కర్నూలు వరసలు. కర్నూలు వరసల్లో అన్నిటికన్నా కింద బనగానపల్లె పొర, దాని మీద జమ్మలమడుగు, ఆ పైన పాణ్యం, అన్నిటికీ పైన కుందేరు. వాటిలో మళ్ళీ ఉపపొరలు: నార్జి సున్నపురాయి, ఔకు పలకరాయి, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల పలకరాయి. మన బస్సు బోర్డుల మీద చదువుకునే పేర్లు! ఈ రోజుకీ ప్రపంచంలో ఎక్కడ ఈ రాళ్ళ గురించి రాసినా ఈ పేర్లతోనే రాస్తారు. మనుషుల పేర్లు ఒక్కటీ పెట్టకుండా ఊళ్ళన్నిటికీ శాశ్వతమైన గుర్తింపు తెచ్చిన పుస్తకం ఇది.

వజ్రాల విషయంలో కింగ్ తేల్చిన మాట ఒకటి బంగారం లాంటిది. కర్నూలు సీమలో బండను తొలిచి వజ్రం తీసిన చోటల్లా ఆ బండ బనగానపల్లె పొరదే. గులకరాళ్ళు పేరుకుని గట్టిపడిన పొర అది. అందులో వజ్రాలుండే సన్నపొర మందం జానెడు కూడా ఉండదు, తవ్వకాలన్నీ దాని కోసమే. తవ్వకాల గురించి ఆయన రాయకపోలేదు. బనగానపల్లె దగ్గర లోతు తక్కువ గుంతలు దింపి, అడుగున ఆ సన్నపొర వెంబడి అడ్డంగా తొలుచుకుపోయే పద్ధతిని గమనించాడు. కానీ ఆయనకు గుంత ఒక కిటికీ. అందులోంచి పొరను చూస్తాడు, గుంత తవ్వినవాణ్ణి చూడడు. తవ్వినవాడికి ఏం ముట్టింది, ఎవరి దగ్గర గుత్తకు తీసుకున్నాడు అన్న ప్రశ్నలకు ఆయన శాస్త్రంలో చోటు లేదు. అది ఆయన తప్పనను, ఆయన్ను పంపిన పని అది.

రైతు ప్రశ్నకు కింగ్ ఎంతవరకు పనికొస్తాడో చూద్దాం. మహానంది ఉన్నచోటు చూడండి. తూర్పున నల్లమల వరస నిలువునా లేస్తుంది. పడమర కుందూ మైదానం, నంద్యాల పలకరాయి పరుచుకున్న నేల. బనగానపల్లె పొర బాగా పైకి తేలేది ఆ మైదానానికి అవతలి అంచున, బనగానపల్లె, రామళ్ళకోట వైపు. కాబట్టి గాజులపల్లె దగ్గర ముత్తాతకు గని ఉండి ఉంటే, అది బండను తొలిచిన గని కన్నా వాగు ఒడ్డున గులకమట్టిని కడిగిన గుంత కావడానికే ఎక్కువ అవకాశం. గుంత అయితే నాలుగు వానలకు పూడిపోతుంది. ఈ మాట తావెర్నియే వెయ్యి పుటలు రాసినా చెప్పలేడు. కింగ్ పటం ఒక్క చూపులో చెబుతుంది.

అయితే కింగ్ కూడా తన కాలం మనిషే. ఆఫ్రికాలో కింబర్లీ గని బయటపడింది 1871లో. వజ్రాలు భూమి లోతుల్లోంచి అగ్నిశిలల గొట్టాల గుండా పైకి వస్తాయన్న సంగతి అప్పటికి ఇంకా కుదురుకోలేదు. గులకపొరలో దొరికిన వజ్రం ఆ పొరలోకి ఎక్కడి నుంచి కొట్టుకొచ్చిందో ఆయన చెప్పలేకపోయాడు. ఆయన తరువాత చాలా కాలానికి, మహానందికి తూర్పున నల్లమల అడవిలో, మన రైలు చేలమ దగ్గర కొండ దాటే చోట, లాంప్రాయిట్ అనే లోతు శిల బయటపడింది. దాని వయసు దాదాపు 140 కోట్ల ఏళ్ళు. వజ్రాన్ని మోసుకొచ్చే జాతి శిల అది. నంద్యాల నుంచి గుంటూరు పోయేవాళ్ళు టీ తాగుతూ దాని పక్కనుంచే పోతుంటారు.

ఇక పేర్ల గొడవ. పాత గనులు వెతికేవాడి ఉసురు తీసేది ఇదే. ఇక్కడ తావెర్నియే, ఆయన అనువాదకుడు బాల్ ఇద్దరూ కాస్త తడబడ్డారు, అయితే తడబాటు తీరు వేరు. తావెర్నియే రావుల్కొండ అని రాసింది రామళ్ళకోటే అని బాల్ నిర్ణయించాడు. అంతకుముందు రెన్నెల్ లాంటి పటాలవాళ్ళు దాన్ని కృష్ణా భీమా నదులు కలిసే చోటుకు లాక్కుపోయారు. బాల్ మాటే నాకూ ఒప్పుదల, కానీ దానికి మంచి సాక్ష్యం తావెర్నియే పుస్తకంలో లేదు. ఆయన పుస్తకం వచ్చిన మరుసటి ఏడు, 1677లో, లండన్ రాయల్ సొసైటీ పత్రికలో దక్షిణాది వజ్రాల గనుల వివరం ఒకటి అచ్చయింది. అందులో గోల్కొండ రాజ్యంలో 23, బీజాపూరు రాజ్యంలో 15 గనుల పేర్లు వరసగా ఉన్నాయి. బీజాపూరు జాబితాలో 'రాముల్‌కొనేటా', 'బానుగున్నపెల్లీ', 'పెండెకుల్' అని కనబడతాయి. ఇంగ్లీషువాడికి ఇవి నోరు తిరగని శబ్దాలు. మనకు రామళ్ళకోట, బనగానపల్లె, పెండేకల్లు. పైకి చదివితే చాలు, పటం అక్కర్లేదు.

తావెర్నియే మరోచోట, కొల్లూరును ఆ దేశభాషలో గని అంటారనీ, పారశీకంలో కొల్లూరు అంటారనీ రాశాడు. బాల్ పండితుడు కనుక ఆ గని అన్న మాటకు పారశీకంలో 'కాన్' అన్న పదంతో చుట్టరికం కలిపాడు. తెలుగు పిల్లవాణ్ణి అడిగితే చాలు కదా, గని అంటే గని! అడిగినవాడికి పక్కనున్న కూలీ 'ఏం పేరేముంది, గని' అని చెప్పి ఉంటాడు, తావెర్నియే దాన్ని ఊరి పేరుగా రాసుకున్నాడు. మనకు గని అనే ఊరు నిజంగానే ఉంది, గడివేముల మండలంలో. అది వజ్రాల గని కాదు, పాత రాగి తవ్వకాల చోటు. ఇప్పుడు ఆ ఊరి నేల మీద, పక్కన శకునాల నేల మీద 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ పలకలు పరుచుకుని ఉన్నాయి. విదేశీ పుస్తకాల్లో మన ఊళ్ళను గుర్తు పట్టే పని ఇంతకాలం విదేశీయులకే వదిలేశాం. అది మన చెవితో జరగాల్సిన పని.

తావెర్నియేకూ కింగ్‌కూ మధ్య కాలంలో నాకు ఇష్టమైన మనిషి ఇంకొకాయన ఉన్నాడు, హెచ్. డబ్ల్యు. వాయిసీ. త్రికోణమితి సర్వే వెంట తిరిగిన డాక్టరు, రాళ్ళు చదివినవాడు. ఆయన వ్యాసం 1825లో అచ్చయ్యేనాటికి ఆయన చనిపోయాడు. బనగానపల్లె దగ్గర ఆయన చూసేనాటికి కొత్త తవ్వకం దాదాపు లేదు. వెనకటివాళ్ళు ఏరి పారేసిన మట్టికుప్పల్నే మళ్ళీ జల్లెడ పడుతున్నారు. ఎందుకని అడిగితే, పారేసిన పొడిరాళ్ళు కాలం గడిచేకొద్దీ పెరుగుతాయనీ, పెద్ద వజ్రాలవుతాయనీ ఆ కూలీలు నమ్ముతున్నట్టు రాశాడు. తావెర్నియే అయితే ఈ మాట వినిపించుకునేవాడు కాదు. కింగ్ అయితే చిరునవ్వుతో దాటేసేవాడు. వాయిసీ రాసిపెట్టాడు. అందువల్ల ఆ కూలీ ఏమనుకున్నాడో ఒక్క ముక్క మనకు మిగిలింది.

ఆ నమ్మకం పోలేదు. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో జనం వంగి నడుస్తూ కనబడతారు. ఎక్కడెక్కడి నుంచో వస్తారు, చెట్ల కింద వంట చేసుకుంటారు. వానకు వజ్రం పైకి వస్తుందంటారు. వాన మట్టిని కోసి రాయిని తేల్చుతుంది కాబట్టి ఆ మాట అబద్ధం కూడా కాదు. దొరికిన రాయి ఎవరిది, చేను గలాయనదా, ఏరినవాడిదా, సర్కారుదా అన్న పంచాయితీ ఆ చేలల్లో ఏటా ఉన్నదే. మూడొందల యాభై ఏళ్ళ కిందట తావెర్నియే ఎత్తిన ప్రశ్న అది. ఆయన కాలంలో జవాబు స్పష్టంగా ఉండేది, న్యాయంగా లేకపోయినా.

సరే, కచేరీ కాగితాల మాటకొద్దాం. రెండు పుస్తకాలూ చేతులెత్తేసే చోటు ఇది. మన వైపు గనుల ఊళ్ళు మూడు పాలనల కింద ఉండేవి. పెన్నా ఒడ్డున చెన్నూరు లాంటి కడప తావులు 1800లో నిజాం దత్తం చేసినప్పటి నుంచి ఈస్టిండియా కంపెనీవి, అంటే కలెక్టరు మన్రో దొర కాలం నుంచి ఇంగ్లీషు లెక్కలు. నంద్యాల, మహానంది, రామళ్ళకోట 1839 దాకా కర్నూలు నవాబువి. అంతకుముందు సంగతికి కంపెనీ కలెక్టరు కాగితాల్లో వెతకడం ఎండిన బావిలో చేద వేయడమే. బనగానపల్లె మరీ వేరు, అది 1948 దాకా సొంత సంస్థానం. ఇది చాలదన్నట్టు, కోయిలకుంట్ల తాలూకా 1858 దాకా కడప జిల్లాలో ఉండేది, కాబట్టి 1840 నాటి కోయిలకుంట్ల కాగితం కావాలంటే కడప కట్టలు విప్పాలి. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడింది. కొత్త కలెక్టరాఫీసు మెట్లెక్కి పాత గని అడిగితే వాళ్ళు మాత్రం ఏం చెబుతారు పాపం. చెన్నై ఎగ్మూరులో మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులున్నాయి, అసలు వేట అక్కడ మొదలవుతుంది.

కింగ్ తరువాత వచ్చిన రెండు జిల్లా మాన్యువళ్ళున్నాయి. కడపకు గ్రిబుల్ 1875లో, కర్నూలుకు గోపాలకృష్ణమ చెట్టి 1886లో రాశారు. జిల్లా రూపురేఖలు, తాలూకాల మార్పులు తెలుసుకోవడానికి వాటికి మించినవి లేవు. గని ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం అవీ దారి చూపించేవే గానీ ఇల్లు చేర్చేవి కావు.

మెకంజీ కైఫీయతుల సంగతి వేరు. కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయన వెంట కావలి సోదరులు, ఊరూరా కరణాల చేత రాయించిన వివరాలు. భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళు వీటిని పుక్కిటి పురాణాలని పక్కన పెడతారు. ఊరి పుట్టుక చెప్పేటప్పుడు అవి పురాణాలే, ఒప్పుకుంటాను. కానీ మాన్యం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, చెరువు ఎవరు తవ్వించారు, పొలిమేర ఎక్కడ అన్నచోట కరణం కలం గట్టిది. తావెర్నియేలో ఒక్క కూలీ పేరు లేదు, కింగ్‌లో ఒక్క గుత్తదారు పేరు లేదు. మనుషులు పేర్లతో కనబడేది కైఫీయతుల్లోనే. కడప జిల్లా కైఫీయతులు కడప బ్రౌన్ గ్రంథాలయం పుణ్యమా అని అచ్చులో దొరుకుతున్నాయి. వాటిని కింగ్ పటం పక్కన పరుచుకుని చదివినవాళ్ళు అరుదు. చరిత్ర చదివినవాళ్ళకు రాళ్ళు పట్టవు, రాళ్ళు చదివినవాళ్ళకు కరణం రాత పట్టదు. రాయి వెతుకుతూ పోయిన భూగర్భ శాస్త్రజ్ఞుడి కంటనే 1929లో ఎర్రగుడి అశోకుడి శాసనాలు పడ్డాయని గుర్తు చేసుకుంటే, ఈ రెండు వర్గాలూ కాస్త మాట్లాడుకుంటే బాగుండుననిపిస్తుంది.

నా తీర్పు చెప్పేస్తాను. గని ఎక్కడ ఉండి ఉంటుంది అన్న ప్రశ్నకు కింగ్‌ను మించినవాడు లేడు, వజ్రం పుట్టుక గురించి ఆయనకు తెలియంది ఎంతైనా ఉండనీ. గని ఎవరిది అన్న ప్రశ్నకు కింగ్‌ను తెరవడం దండగ. అక్కడ తావెర్నియేదే పైచేయి, జనం లెక్కలు పెంచాడన్న మచ్చతో సహా. అయితే ఆయన ఇచ్చే జవాబు మనకు నచ్చదు: గని ఎవరిదీ కాదు, తవ్వే అనుమతి మాత్రమే అమ్ముడుపోయేది. ఈ జవాబును మింగలేక చాలామంది పరిశోధకులు అమెరికా కౌంటీ పుస్తకం లాంటిది మన దగ్గరా ఎక్కడో ఉండే ఉంటుందని ఏళ్ళ తరబడి తవ్వుతారు. అది పోయిన కాగితం కాదు, పుట్టని కాగితం.

నేల కింది సంపద ఎవరిదన్నది ఇప్పటికీ తేలికైన ప్రశ్న కాదు. 2013లో సుప్రీంకోర్టు మలబారు భూముల కేసులో, చట్టం ప్రకారం తీసేసుకుంటే తప్ప నేల గలవాడికే కింది ఖనిజం మీద హక్కు ఉంటుందంది. కానీ తవ్వాలంటే 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కింద లీజు కావాల్సిందే. హక్కు ఒకటి, తవ్వే అనుమతి మరొకటి. మళ్ళీ రావుల్కొండ గుమ్మం దగ్గరికే వచ్చాం.

రైతు మళ్ళీ కనబడ్డప్పుడు ఇదంతా చెప్పలేదు. మీ నేల ఇనాం అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు తీయించండి, పట్టా నేల అయితే పాత రీసెటిల్మెంటు రిజిస్టరు చూపించమనండి, అందులో గని ఉండదు గానీ మీ ముత్తాత ఆ చోట ఉన్నాడో లేడో తేలుతుంది అన్నాను. మీ చేల పాత పేర్లు ఇంట్లో ముసలివాళ్ళను అడిగి రాసి పెట్టమన్నాను, సర్వే నెంబర్లు వచ్చాక చచ్చిపోయిన పేర్లు అవి. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మా తాత కూలోళ్ళను పెట్టుకున్యాడంతే, గని మాది గాదు" అన్నాడు. రెండు పుస్తకాలు ముందేసుకుని నాకు పట్టిన కాలంలో పదో వంతు కూడా ఆయనకు పట్టలేదు.

ఈ వ్యాసం చదివేవాళ్ళలో కరణీకం చేసిన ఇళ్ళవాళ్ళుంటే ఒక్క మనవి. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయినప్పుడు సర్కారుకు అప్పగించినవి పోగా, అంతకుముందటి తరాల కట్టలు కొన్ని అటకల మీద ఉండిపోయాయి. వాటిని పాత కాగితాల వాడికి తూకానికి వేసే ముందు ఒకసారి విప్పి చూడండి. వజ్రం అన్న మాట కోసం వెతకొద్దు. వరహాలు, గుత్త, రోజుకు ఇంతమంది అన్న తలల లెక్క ఏ పుటలో కనబడినా ఆ పుట పక్కకు తీసి పెట్టండి.